వాలు మీద బండి, చల్లటి ప్లగ్గులు

మా బావ పోయాడు. మొయినాబాద్‌లో తన షెడ్డులో ఒక పికప్ బండి కింద వెల్లకిలా పడుకుని పని చేస్తుంటే జాకీ జారింది. బండి ఆయన ఛాతీ మీద కూలబడింది. టీ తీసుకుని వెళ్లిన అక్కకు రెండు కాళ్లు మాత్రం బయట కనపడ్డాయి. చేవెళ్లలో ఉన్న నాకు ఫోన్ చేసి, ఏడవకుండా, అరవకుండా, "తమ్మీ, మీ బావ మీద బండి కూసున్నది. జల్ది రా" అంది. నేను వెళ్లేసరికి పక్క షెడ్లవాళ్లు బండిని ఎత్తి అవతలకు జరిపారు. ఆయన నోరు తెరిచే ఉంది. చచ్చేముందు కూడా ఎవరినో తిట్టబోయాడని నా నమ్మకం.

మర్నాడు పేపర్లో ఓ మూల వేశారు. ప్రమాదవశాత్తు మెకానిక్ మృతి. ఈ దేశంలో కష్టం చేసుకునేవాడు చచ్చే పద్ధతులన్నిటికీ కలిపి పెట్టిన ముద్దుపేరు ఈ ప్రమాదవశాత్తు. ఆ బండి ఓనరు పొద్దున్నుంచీ ఫోన్ మీద ఫోన్ చేసి "అయిందా, అయిందా" అని ప్రాణం తీశాడు. జాకీ పక్కన ఇనుప స్టాండు వేసేంత ఓపిక ఎవరికీ లేకపోయింది. బావకూ లేదు. అది కూడా రాయాలి. పక్క షెడ్డువాడు స్టాండు లేకుండా బండి కిందికి దూరితే కాలు పట్టి బయటికి లాగి తన్నేవాడు. తన కాలు పట్టి లాగేవాడు మాత్రం ఆ రోజు అక్కడ లేడు.

నేను రాస్తున్నది ఆ తెరిచిన నోటి గురించి. అది కోర్టులో తెరుచుకోవలసి ఉండింది. వేరే బండి నడిపిన ఒక డ్రైవరు మీద కేసు నడుస్తోంది. తాగి బండిని వాలులోకి వదిలి ఒక కూలి మనిషి కాలు నుజ్జు చేశాడని కేసు. అతను తాగలేదనీ, బండిని ఆ గతికి తెచ్చింది ఓనరనీ చెప్పడానికి సిద్ధపడిన ఒకే ఒక్క సాక్షి మా బావ. ఆయన్ని కాల్చాం. ఆయన చెప్పాల్సిన మాట కూడా ఆయనతోనే కాలిపోయిందా? ఈ నివాళి పొడుగునా నన్ను తినేస్తున్న ప్రశ్న అదే. ఆ ప్రశ్న అర్థం కావాలంటే ముందు మనిషి తెలియాలి.

శాంతమూర్తి, అజాతశత్రువు అని రాయడం నాకు చేతకాదు. ఆయనకు శత్రువులు ఉండేవారు, వాళ్లలో చాలామందిని ఆయన స్వయంగా సంపాదించుకున్నాడు. షెడ్డుకు వచ్చే డ్రైవర్లు ముందు ఆయన చేతి వంక చూసేవారు. చేతిలో గుడ్డ ఉంటే దగ్గరికి వచ్చి మాట్లాడేవారు. పానా ఉంటే రోడ్డు మీద నుంచే బండి సంగతి చెప్పేవారు. ఓసారి ఆ పానా ఒక బండి ముందు అద్దంలోంచి వెళ్లి వెనక అద్దంలోంచి వచ్చింది. రెండద్దాలూ తనే తెచ్చి బిగించాడు, బిగిస్తున్నంత సేపూ బండివాణ్ణే తిట్టాడు.

పెళ్లయిన కొత్తలో అక్క మీద చెయ్యి లేపాడు. అక్క చేతిలో రోకలి ఉంది.

"దించు," అంది అక్క. "దించకుంటె ఆ చెయ్యిని గోడకు బిగిస్త. విప్పే పానా నీ షెడ్డుల గూడ దొరకదు."

దించాడు. మళ్లీ లేపలేదు. ఈ సంగతి ఆయనే నాకు పదిమందిలో చెప్పి నవ్వాడు, "మీ అక్కతోని పరాచికాలొద్దు బామ్మర్ది" అన్నాడు. నేను నవ్వలేదు. అది పరాచికం కాదని ఆయనతో ఒక పూటంతా వాదించాను. చివరికి "అవు, కాదు" అని ఒప్పుకున్నాడు. ఆయనతో వాదించి నేను గెలిచినవి తక్కువ. అది ఒకటి.

ఇక ఆ ప్లగ్గుల సంగతి. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టదు. లోపలి గాలి బాగా వేడెక్కితేనే డీజిల్ అంటుకుంటుంది. చలికాలం పొద్దున ఆ వేడి అందుకోవడానికి సిలిండరుకు ఒకటి చొప్పున వేలెడంత ఇనుప పుల్ల ఉంటుంది. తాళం తిప్పగానే కరెంటు పారి దాని కొన ఎర్రగా కాలుతుంది. పుస్తకాల్లో గ్లో ప్లగ్గు అంటారు, షెడ్లలో హీటర్ ప్లగ్గు. అవి చచ్చిపోతే మార్చాలి. పెద్ద పనేం కాదు. అయినా మార్చరు. ఎందుకు మార్చరు? ప్లగ్గు చచ్చినా బండి నడుస్తుంది కాబట్టి. చలిలో స్టార్టు కాదు, అంతే. స్టార్టు చేసుకునే బాధ ఓనరుది కాదు, డ్రైవరుది.

అందుకే మా వైపు ఒక అలవాటు పుట్టింది. మొయినాబాద్ దాటి కనకమామిడి వైపు పోయే దారిలో రోడ్డు ఓ చోట ఎత్తుకు ఎక్కుతుంది. ప్లగ్గులు చచ్చిన బండ్లన్నీ సాయంత్రం ఆ ఎత్తు మీద, ముక్కు పల్లానికి పెట్టి నిలబడతాయి. టైరు కింద ఒక రాయి. పొద్దున్నే బంతిపూలకో క్యారెట్‌కో పోవాల్సిన డ్రైవరు రాయి తన్నేసి, గేరులో వేసి, క్లచ్చి నొక్కి బండిని జారనిస్తాడు. కొంచెం ఊపు అందుకోగానే క్లచ్చి వదులుతాడు. ఇంజన్ పట్టుకుంటే బతికాడు. పట్టుకోకపోతే? ఇంజన్ నడిస్తేనే బ్రేకుకు బలం, స్టీరింగుకు బలం. అది నడవకపోతే బ్రేకు బండరాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగు తిరగనంటుంది. బరువున్న బండి పల్లంలోకి పోతూనే ఉంటుంది. పల్లంలో ఎవరుంటారు? ఫామ్‌హౌసుల్లో గడ్డి పీకడానికి పోయే ఆడవాళ్లు ఆటో కోసం నిలబడి ఉంటారు.

ఈ అలవాటంటే బావకు ఒళ్లు మంట. షెడ్డుకు ఏ పని మీద బండి వచ్చినా, అడగకపోయినా, ముందు హీటర్ ప్లగ్గులు చూసేవాడు. బ్యాటరీకి తీగ తగిలించిన చిన్న బల్బును ఒక్కో ప్లగ్గు తల మీద ఆనించేవాడు. బల్బు వెలిగితే ప్లగ్గు బతికున్నట్టు. వెలగకపోతే ఊడబీకి ఓనరు కాళ్ల దగ్గర విసిరేవాడు. చొక్కా జేబులో మనం పెన్ను పెట్టుకున్నట్టు ఆయన ఒక కొత్త ప్లగ్గు పెట్టుకునేవాడు. దాన్ని బ్యాటరీకి తగిలించి, ఎర్రబడిన కొనతో బీడీ ముట్టించుకునేవాడు. "ఇంజన్ అబద్ధమాడది బామ్మర్ది, ఓనర్ ఆడ్తడు" అనేది ఆయన మాట. "సల్లగున్నదాన్ని ఎంత కొట్టినా స్టార్టు గాదు" అన్నది ఇంకో మాట. దీన్ని ఆయన ఇంజన్లకు పాటించాడు, మనుషులకు పాటించలేదు.

ఆ వాలు మీద నేను ఒక వ్యాసం రాశాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను.

"మంచిగున్నది," అన్నాడు. "ఇది సదివి ఎవడన్న ప్లగ్గు మార్చిండా?"

"నువ్వు కొడితే మార్చిండ్రా బావా?"

"కొట్టిచ్చుకున్నోడు మార్చిండు. సదివినోడే మార్చలె."

హింసతో సమాజం మారదని నేను, మాటతో మారదని ఆయన. అక్క చాటలో బియ్యం చెరుగుతూ, "మీ ఇద్దరితోని గూడ మారది. జర లేసి నీళ్లు వట్టుండ్రి" అంది.

పోయిన చలికాలం ఒక పొద్దున నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. రోడ్డు మీద జనం పరుగెత్తుతున్నారు. బండి మందిలోకి దూరిందన్నారు. బావ చెప్పులు కూడా వేసుకోకుండా పనిసంచి అందుకున్నాడు. నేను వెనక పరుగెత్తాను.

వాలు కింద బంతిపూల బండి ఆటోల అడ్డా రేకుల్లోకి దూరి ఆగి ఉంది. గోనెలు పగిలి పూలు రోడ్డంతా దొర్లాయి, కొన్నిటి మీద నెత్తురు. దెబ్బ తగిలిన ఆమెను అప్పటికే ఆటోలో దవాఖానకు పంపారు. ఆమె చెప్పు ఒకటి టైరు కింద ఉండిపోయింది. డ్రైవర్ని కరెంటు స్తంభానికి కట్టేశారు, అతని బండిలో లోడు బిగించే తాడుతోనే. ముఖం ముఖంలా లేదు. ఒక కన్ను మూసుకుపోయింది, కింది పెదవి చీలి వేలాడుతోంది. కుడి మణికట్టు ఎటు వంగకూడదో అటు వంగి ఉంది. కొట్టేవాళ్లలో అందరికంటే ముందు ఒకడు. ఓ ఫామ్‌హౌసులో వాచ్‌మన్. దెబ్బ తగిలిన ఆమెకు సొంత తమ్ముడు. చేతిలో డ్యూటీ లాఠీ. కొడుతున్నాడు, ఏడుస్తున్నాడు, మళ్లీ కొడుతున్నాడు. చుట్టూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి.

మూకకు ఎప్పుడూ దగ్గరున్నవాడే దొరుకుతాడు. ఓనరు ఎప్పుడూ దెబ్బ అందనంత దూరంలో ఉంటాడు. ఇది నేను పాతికేళ్లుగా రాస్తున్నాను. ఆ పొద్దున అదే మాట గట్టిగా అరిచాను. పోలీసుల్ని రానివ్వండన్నాను. ఎవరో నా మెడ పట్టి బంతిపూలలోకి తోశారు.

బావ ఎవరితోనూ మాట్లాడలేదు. నేరుగా స్తంభం దగ్గరికి పోయి, కట్టేసి ఉన్న డ్రైవర్ని చెంప మీద ఈడ్చి కొట్టాడు. జనం ఈల వేశారు, తమవాడే వచ్చాడనుకున్నారు.

"రాయి ఎందుకు తీసినవ్‌రా?"

"స్టార్టు గాలేదన్నా..." డ్రైవరు నోట్లోంచి మాటతో పాటు నెత్తురు వచ్చింది. "ఓనరుకు ఫోన్ జేసిన. నూకి తీస్కపో అన్నడు. ఇంజన్ వట్టలె. బ్రేకు మీద నిలవడ్డ అన్నా, రెండు కాళ్లతోని నిలవడ్డ... దిగలె."

"తాగినవా?"

"నోరు వాసన సూడన్నా."

బావ చూశాడు. అతని నెత్తురు ముఖంలో ముక్కు పెట్టి, దవడ పట్టి నోరు తెరిపించి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, స్తంభానికీ వాచ్‌మన్‌కూ మధ్య నిలబడ్డాడు.

"జరుగు," అన్నాడు వాచ్‌మన్. "మా అక్క కాలుల బొక్క ఇరిగి బయటికొచ్చింది. నువ్వు జరుగు అన్నా."

"కొట్టు. నేనొద్దన్ననా? సంపుతవా, సంపు. గని సూసి సంపు."

"ఏం సూడాలె?"

"బండి. వీడు మంచి బండిని వదిలిండా, సచ్చిన బండిని వదిలిండా. మంచిదైతె నేనే రెండు ఎక్కువ కొడ్త."

"నువ్వేమన్న జడ్జివా?"

"కాదు, మెకానిక్‌ని. జడ్జికి పానా పట్టరాదు."

ఎవరో నవ్వారు. గుంపులో ఒక నవ్వు వినపడిందంటే ఎక్కడో ఒక చెయ్యి కిందికి దిగిందని అర్థం. బావ అప్పటికే బానెట్ ఎత్తేశాడు. చన్నీళ్లలాంటి ఇంజన్ మీద వంగి ప్లగ్గులు విప్పసాగాడు. "అన్నా, ఆయిల్ గూడ మారుస్తవా?" అని ఒకడు వెనక నుంచి. "నీ మెదడుల మారుస్త ఆగు" అని ఈయన. ఈలోగా వాచ్‌మన్ రెండుసార్లు స్తంభం వైపు పోబోతే ఈయన తలెత్తకుండానే, "ఏయ్, ఇటు రా, ఇది వట్టుకో" అని పిలిచి చేతిలో ఏదో ఒకటి పెట్టాడు. ఒకసారి ప్లగ్గు, ఒకసారి మురికి గుడ్డ. అతను ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు. చెయ్యి ఖాళీ లేకపోతే లాఠీ లేవదని బావకు తెలుసు.

నాలుగూ విప్పి, బ్యాటరీని దించి నేల మీద పెట్టాడు. ముందు తన జేబులోని కొత్త ప్లగ్గుకు తీగ తగిలించాడు. కొన నల్లగా ఉన్నదల్లా ఎరుపెక్కి, నిప్పులా అయింది. దాంతో బీడీ ముట్టించాడు. పొగ వదిలి అందరికీ చూపించాడు.

"గిట్లుండాలె. తాళం తిప్పంగనే నాలుగు గిట్ల కావాలె. ఇగ వీటిని సూద్దాం." బండిలోంచి తీసిన ప్లగ్గు వాచ్‌మన్ ముందు పెట్టాడు. "ఎవడన్న కండ్లతోని సూస్తడు. నువ్వు చెయ్యితోని సూడు. దీని కొన పిడికిట్ల వట్టుకో. నేను కరెంటిస్త. మంచిదైతె నీ చెయ్యి కాల్తది, వీడు దొంగ. సల్లగుంటె ఓనరు దొంగ. వట్టుకుంటవా?"

పూర్వం నిందపడ్డవాడి చేతిలో కాల్చిన ఇనుము పెట్టేవారు. చెయ్యి కాలితే దోషి, కాలకపోతే నిర్దోషి. ఇనుము పట్టాల్సింది ఎప్పుడూ బలం లేనివాడే. నింద వేసినవాడు ఛాయలో కూర్చుని చూసేవాడు. ఎన్ని తరాల దుర్మార్గం అది! దాన్ని మా బావ ఆ పొద్దున, చెప్పుల్లేని కాళ్లతో, తలకిందులు చేశాడు. కొట్టేవాడి చేతిలో ఇనుము పెట్టాడు. ఇది న్యాయమా అంటే కాదు. కానీ అక్కడ న్యాయం లేదు, రావడం లేదు. మనిషి ప్రాణం ఒకటి స్తంభానికి వేలాడుతోంది.

వాచ్‌మన్ లాఠీ కింద పడేసి పిడికిట్లో పట్టుకున్నాడు. బావ తీగ తగిలించాడు. అందరం అతని ముఖం చూస్తున్నాం. ఏం కాలేదు.

"సల్లగున్నది," అన్నాడు నమ్మలేనట్టు.

రెండోది పట్టుకున్నాడు. తీగ తగిలింది. ఒక క్షణం ఏం లేదు. మరుక్షణం గొర్రెను కోసినట్టు అరిచాడు. ప్లగ్గు ఎగిరి పూలలో పడింది. చెయ్యి విదిలిస్తూ చుట్టూ తిరిగాడు. చర్మం కాలిన వాసన నా ముక్కుదాకా వచ్చింది. గుంపు ఊళ పెట్టింది. "కాలింది! మంచిదే! అబద్ధం జెప్తున్నడు!" నలుగురైదుగురు స్తంభం మీద పడ్డారు. డ్రైవరు తల స్తంభానికి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. నేను లాగబోతే మోచెయ్యి నా ముక్కు మీద పడింది.

"ఆగుండ్రిరా నీయవ్వ!" బావ గొంతు. "నాలుగు కాళ్ల మంచానికి ఒక్క కాలుంటె పండుకుంటర్రా? పండుకుంటర్రా? ఇంక రెండున్నయి. ఎవడు వట్టుకుంటడు? రాండ్రి! మీదవడి కొట్టే మొనగాండ్లు ఒక్కడు రాండ్రి!"

ఎవరూ రాలేదు. కాలిన చెయ్యి అందరూ చూశారు కదా. అప్పుడు వాచ్‌మన్ వచ్చాడు. కుడి అరచెయ్యి చంకలో దాచుకున్నాడు. కళ్లు, ముక్కు కారుతున్నాయి. ఎడమ చెయ్యి చాచాడు.

"నేనే వట్టుకుంట. ఇయ్యి."

మా బావను నేను ఎరిగిన ఇన్నేళ్లలో ఆయన ముఖంలో భయం చూసింది ఆ ఒక్కసారే. ప్లగ్గు ఇవ్వడానికి జంకాడు. "ఒద్దులే. నేను వట్టుకుంట, నువ్వు సూడు" అన్నాడు. వాచ్‌మన్ ఆ మాట వినకుండా ఆయన చేతిలోంచి లాక్కున్నాడు. మూడోది చల్లగా ఉంది. నాలుగోది కూడా చల్లగా ఉంది. నాలుగోదాన్ని అతను వదల్లేదు. తీగ తీసేశాక కూడా పిడికిట్లో బిగించి అలాగే కూర్చుండిపోయాడు. "సల్లగున్నయి," అన్నాడు. "అన్నా, ఇవి సల్లగున్నయి. మరి మా అక్క కాలు ఎవడు తొక్కిండు?"

తాడు విప్పింది నేనే. డ్రైవరు నా మీద గోనెసంచిలా పడ్డాడు.

ఓనరు కారులో వచ్చాడు. ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని, ఇస్త్రీ నలగకుండా దిగాడు. "వాడు తాగుబోతు. నా బండి కండిషన్‌ల ఉన్నది" అన్నాడు. బావ కొట్టాడు. ఒకటే దెబ్బ, ఓనరు కళ్లద్దాలు బానెట్ మీద పడ్డాయి. వెంట ఉన్నవాడు ఇనుప రాడ్డుతో బావ భుజం మీద వేశాడు. ఆ భుజం మళ్లీ పూర్తిగా పైకి లేవలేదు. పోలీసులు అప్పుడు వచ్చారు. వాళ్లు ఎవరి కోసం వస్తారో, ఆ మనిషి వచ్చాకే వస్తారు.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. ఆ పూటే బండికి నాలుగు కొత్త ప్లగ్గులు పడ్డాయి. పాతవి బావ దగ్గరున్నాయి, కానీ ప్లగ్గు మీద బండి పేరు రాసి ఉండదు. అవి ఎక్కడివైనా కావచ్చు. జనం తీసిన వీడియోల్లో దెబ్బలున్నాయి, ప్లగ్గుల దగ్గరికి వచ్చేసరికి ఒక్క ఫోన్ కూడా పైకి లేచి లేదు. కొట్టుడు చూసినంత ఇష్టంగా మనం నిజం చూడం. డ్రైవరు ముందు దవాఖానకు, తర్వాత జైలుకు పోయాడు. బెయిలు మీద వచ్చి వంకర మణికట్టుతో కూలి పనికి తిరుగుతున్నాడు. అక్కడున్న ఇంతమందిలో సాక్ష్యం చెప్తానన్నది బావ ఒక్కడే. నేను ఆయన బామ్మర్దిని, పైగా ఓనర్లను తిట్టి వ్యాసాలు రాసేవాణ్ణి. నా మాట చెల్లదని వకీలు ముందే చెప్పాడు. వాచ్‌మన్ నోరు విప్పలేదు. వాళ్లక్క దవాఖాన ఖర్చు ఓనరు పెట్టుకుంటున్నాడు. "ఆమె కాలు నేను సూస్కుంట, నీ నోరు నువ్వు సూస్కో" అన్నాడట.

వాచ్‌మన్ ఇంటికి పోయి నిలదీద్దామన్నాను నేను. ఎప్పుడూ కొట్టుడే మాట్లాడే మనిషి నన్ను ఆపాడు.

"వాన్ని ఏమనకు బామ్మర్ది. వాని చెయ్యి గాలింది, వాళ్లక్క కాలు వొయింది. ఇంకేం గాల్చుకోవాలె వాడు? నేనున్న గద జెప్పెతందుకు."

నేనున్న గద. ఆ మాట అన్న మనిషి మీద బండి కూర్చుంది.

మూడోనాడు పిట్టకు పెట్టుడు. మీలో తెలియనివాళ్లకు చెప్తున్నాను. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, కాల్చిన చోట విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టకపోతే మనిషికి ఏదో తీరని కోరిక ఉన్నట్టు. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి మాట ఇస్తారు. నాకు వీటి మీద నమ్మకం లేదు. అక్క కోసం వెళ్లాను. అన్నం, బోటి కూర, కల్లు సీసా, బీడీ కట్ట. ఎదురుగా చెట్టు మీద కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు.

"షెడ్డును అమ్ముకోను," అంది అక్క విస్తరి వైపు చూసి. "నేనే నడుపుత. మెకానిక్‌ను వెట్టి నడుపుత. ఫికర్ జెయ్యకు, తిను."

దిగలేదు.

"ఇంకేదో మనసుల ఉన్నది," అన్నాడు బావ పెద్దనాన్న.

"కాకులకు ఆకలైతలేదేమో," అన్నాను.

"నువ్వు జర నోరు మూస్కో తమ్మీ," అంది అక్క.

డ్రైవరు అందరికంటే వెనక నిలబడ్డాడు. బావ కోరిక ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఏం లాభం? తీర్చగలిగినవాడు ఒక్కడే, వాడు ఓనరు మనిషి అయిపోయాడు. ఎండ ఎక్కుతోంది. కొందరు తువ్వాలు దులుపుకుని కదలబోతున్నారు.

అప్పుడు డ్యూటీ బట్టల్లోనే, మోపెడ్ రోడ్డు మీద పడేసి, వాచ్‌మన్ వచ్చాడు. ఎవరి ముఖం చూడలేదు. డ్రైవర్ని దాటుకుని, అక్కను దాటుకుని, విస్తరికి కొంచెం ఇవతల ఆగాడు. గొంతు సరిచేసుకున్నాడు.

"అన్నా, నేను జెప్త," అన్నాడు. "కోర్టుల నేను జెప్త. మూడు సల్లగుండె, ఒక్కటే గాలింది. నా చేతులతోని సూసిన అని జెప్త. పాపం వాన్ని నేనే కొట్టిన, అది గూడ జెప్త." ఊపిరి తీసుకున్నాడు. "ఓనరు దవాఖాన ఖర్చు ఆపుతె ఆపనియ్యి. మా అక్కకు జెప్పే వచ్చిన. ఆమెనే పో అన్నది. కట్టె వట్టుకొని అన్న నడుస్త గని, గీ పాపం మీద నడువను అన్నది."

డ్రైవరు నిలబడ్డచోటే కూలబడిపోయాడు.

కాకి దిగిందా అని మీలో సగం మంది అడుగుతారని నాకు తెలుసు. నాకు తెలియదు. ఎవరూ చెట్టు వైపు చూడలేదు. అందరం అతని నోటి వంకే చూస్తున్నాం. మళ్లీ తిరిగి చూసేసరికి ఊరకుక్క ఒకటి విస్తరి మీద ముందుకాలు వేసి బోటి తింటోంది. పెద్దాయన రాయి ఎత్తాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. కుక్క తల ఎత్తలేదు. ఆకు జారిపోకుండా కాలితో అదిమి పట్టి, మెతుకు మిగలకుండా తింటూ పోయింది.